కదలకండి గారు తీసిన పిల్లులు

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్లని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని తల సరిచేసి, "కదలకండి" అనడం ఆయనకు ముప్ఫై ఏళ్ల అలవాటు. చివరికి అదే పేరైపోయింది. "కదలకండి గారున్నారా?" అంటూనే జనం స్టూడియో మెట్లెక్కేవాళ్లు. ఆయన కూడా ఉలక్కుండా "రండి, కూర్చోండి" అనేవాడు.

ఆయనకు ఒక్కతే చెల్లెలు. రెడీమేడ్ బట్టల కంపెనీలో గుండీలు కుట్టేది. ఒంటరి మనిషి. కంపెనీ వెనక విరిగిన పెట్టెలు పడేసే పెరట్లో ఏడు పిల్లులు చేరితే, మధ్యాహ్నం తన డబ్బాలోది సగం వాటికే పెట్టేది. ఒక ఆదివారం స్టూడియోకి వచ్చి, "అన్నయ్యా, ఒక్కసారి వచ్చి మా పిల్లుల ఫొటోలు తియ్యవా? ముఖాలు బాగా కనబడితే ఎవరైనా పెంచుకుంటారు" అంది.

ఆయన స్టూలు మీదున్న మనిషి వైపు చూసి నవ్వాడు. "నేను మనుషుల ఫొటోలు తీస్తానే తల్లీ. పిల్లుల వెంట తిరిగే తీరిక నీకుంది. నీకూ ఓ సంసారముంటే ఉండేది కాదు."

స్టూలు మీదాయన కూడా కిసుక్కున నవ్వాడు. చెల్లెలు సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది. మళ్లీ ఆ మెట్లెక్కలేదు. 'కోపం తగ్గితే తనే వస్తుందిలే' అనుకున్నాడాయన. అలా అనుకుంటూ ఉండగానే నాలుగేళ్లు గడిచిపోయాయి.

ఒకరోజు పొద్దున్నే ఆమె మిషను ముందే కుప్పకూలింది. ఆస్పత్రికి చేర్చేసరికే అంతా అయిపోయింది. పటం కట్టించాలంటే ఆయన దగ్గర చెల్లెలి ఫొటో ఒక్కటీ లేదు. ఊళ్లో వాళ్లందరి ముఖాలూ బీరువా నిండా ఉన్నాయి. కంపెనీ గుర్తింపు కార్డు మీదున్న గోరంత ముఖాన్నే పెద్దది చేసుకున్నాడు. చుక్కలు చుక్కలుగా వచ్చింది.

పది రోజుల తర్వాత చెల్లెలితో పనిచేసే ఇస్త్రీ ఆవిడ వచ్చింది. "అన్నా, పెరట్లో గోడౌన్ కడతారట. నెలాఖరుకి పిల్లుల్ని పట్టించి ఊరవతల వదిలేస్తామంటున్నారు. మీ చెల్లెలు ఫోన్లో తీసుకున్న ఫొటోలు నాకు పంపింది. ఇవి చూపిస్తే ఎవరూ ముందుకు రావడం లేదు" అని ఫోన్ చేతికిచ్చింది. ఒకదాంట్లో తోక, ఒకదాంట్లో సగం చెవి, మిగతావన్నీ మసక. ఆయన చాలాసేపు వాటినే చూశాడు. మర్నాడు స్టూడియోకి తాళం వేసి కంపెనీకి వెళ్లాడు.

రోజూ వాడే చిన్న లెన్సే తీసుకెళ్లాడు. ముఖం నిండుగా రావాలంటే దాంతో జానెడు దూరంలోకి వెళ్లాలి. వెళ్తే ఐదు పిల్లులు తుర్రుమన్నాయి. ఆరోది వచ్చి లెన్సు అద్దం నాకింది. దక్కిన ఒక్క ఫొటోలో ముక్కు గుమ్మడికాయంత, చెవులు ఎక్కడో వెనక వేపగింజలంత.

కెమెరాలు బాగుచేసే పాత స్నేహితుడు ఆ ఫొటో చూసి తల పట్టుకున్నాడు. "ఇంత దగ్గరకెళ్తే ఏ పిల్లి ఊరుకుంటుందయ్యా?"

"యాభై ఎం.ఎం. లెన్సు పెడితే?"

"ముఖం వంకరపోదు గానీ, కాస్త దగ్గరకెళ్తే చాలు, ఫోకస్ పట్టదు. బాగా దగ్గరివి తీయడానికే చేసిన మాక్రో లెన్సు, అరవైదైతే, పడుతుంది. కానీ మీసాల దాకా తియ్యాలంటే మళ్లీ దాని ముఖం మీదకే పోవాలి. వంద మాక్రో పట్టుకెళ్లు. నువ్వు రెండు మూరల అవతలే ఉంటావు, మీసాల మొదళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. నాదుంది. పనయ్యాక తెచ్చివ్వు."

మొదటిరోజు ముక్కులు తేటగా, కళ్లు మసగ్గా వచ్చాయి. అంత దగ్గర్లో తీసేటప్పుడు ముక్కుకీ కంటికీ మధ్య ఉన్న వేలెడు దూరం కూడా దూరమేనని ఆయనకు అప్పుడు తెలిసింది. లెన్సులో వెలుతురొచ్చే కన్నం, ఎపర్చరు, తగ్గించాడు, కంటి మీదే గురిపెట్టాడు, ఫ్లాష్ జోలికి పోలేదు. నడుంనొప్పి మనిషి, సిమెంటు నేల మీద బోర్లా పడుకుని వాటంతట అవి అలవాటు పడేదాకా ఆగాడు. ఓసారి అలవాటుగా "కదలకండి" అన్నాడు. ఇస్త్రీ ఆవిడ ఫక్కున నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏడోది గోడ మీద కూర్చునే ముసలి గండుపిల్లి. ఒక కన్ను ఎప్పుడో పోయింది.

"దీని పేరేంటమ్మా?"

ఆవిడ నసిగింది. "ఎందుకులే అన్నా."

"పోస్టరు మీద రాయాలి కదా, చెప్పు."

"తను... అన్నయ్య అనేది. 'మొండివాడు, మెట్టు దిగడు, కానీ నేను డబ్బా సర్దుకుని లేచేదాకా అక్కణ్ణించి కదలడు' అనేది."

ఆయన కెమెరా కంటికి ఆనించుకుని అలాగే పడుకున్నాడు. ఎంతకీ నొక్కలేదు. చివరికి ఒక్కటే తీశాడు. కంటి కింద ఎండిన చార దగ్గర్నుంచి పెదవి మీది తెల్ల వెంట్రుక దాకా అన్నీ అందులో వచ్చాయి. ముప్ఫై ఏళ్లలో తను ఏ ముఖాన్నీ అంతసేపు చూడలేదనిపించింది.

కిరాణా కొట్లలో, బస్‌స్టాపుల్లో పోస్టర్లు అతికించాడు. ఆరు పిల్లులకూ ఇళ్లు దొరికాయి. ముసలిదాన్ని ఎవరూ అడగలేదు. అడగకపోతే మేలనుకున్నాడు. తనే తెచ్చుకుందామని మంచం పక్కన పాత దుప్పటి మడిచి వేశాడు. కానీ ఆయన బుట్ట పట్టుకుని వెళ్లేలోపే కూలీలు వచ్చి గోడ పడగొట్టేశారు. పిల్లి లేదు. వారానికో రోజు చొప్పున నాలుగు వారాలు వెళ్లి ఆ చుట్టుపక్కలంతా వెతికాడు. నాలుగో వారం వాచ్‌మన్ జాలిగా, "ఇంకెందుకు సార్, రాదు" అన్నాడు. తిరిగొస్తూ దారిలో లెన్సు స్నేహితుడికి ఇచ్చేశాడు.

ఆ సాయంత్రమే ఇస్త్రీ ఆవిడ ఆ గండుపిల్లి ఫొటో కాపీ ఒకటి అడగడానికి వచ్చింది. కవర్లో పెట్టి ఇస్తూ ఆయన అడిగాడు.

"తను దాన్నెప్పుడూ పిలిచేది కాదా?"

"పిలిచేది కాదన్నా. మొదట్లో ఒకసారి పిలిస్తే వారం రోజులు కనబడలేదట. దాని వంతు మాత్రం రోజూ తీసి గోడ కింద పెట్టి వచ్చేది."

"తినేదా?"

"మేమెప్పుడూ చూళ్లేదు. మర్నాటికి ఆ చోటు ఖాళీగానే ఉండేది."

ఆవిడ వెళ్లాక ఇద్దరు ఫొటోకి వచ్చారు. ఆయన వాళ్లని కూర్చోబెట్టి, తలలు సరిచేసి, కెమెరా వెనక్కి వెళ్లాడు. ఎంతసేపటికీ ఆ అలవాటైన మాట నోట రాలేదు. వాళ్లే అడిగారు, "కదలొద్దా అండీ?" అని.