ఆగస్టులో చెప్పని మాట

నా షాపు దేవుడు మూయించలేదు. న్యూజెర్సీలోని మా తెలుగు చర్చిలో నేను చెప్పిన సాక్ష్యం విన్నవాళ్లు, దాని వీడియో ఫోన్లో చూసినవాళ్లు ఆయనే మూయించాడనుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఉద్యోగం పోయిన ఏడాది, మళ్లీ ఇంటర్వ్యూలకు తిరిగే ఓపిక లేక, మేముండే ప్లెయిన్స్‌బరోకి ఇరవై నిమిషాల దూరంలో ఒక చిన్న ఊరి మెయిన్ స్ట్రీట్‌లో ఉన్న వైన్ షాపు కొన్నాను. మన ఊళ్లలో వైన్ షాపు అంటే ఇనుప కడ్డీలు, చెయ్యి మాత్రం పట్టే కన్నం, దాని ముందు తోపులాట. నాది అలాంటిది కాదు. చెక్క అరలు, కిటికీ దగ్గర చిన్న బల్ల, రెండు కుర్చీలు. అయినా చర్చిలో ఎవరూ దాన్ని వైన్ షాపు అనేవారు కాదు. "మన బ్రదర్‌గారి స్టోర్ కోసం ప్రార్థిద్దాం" అనేవారు. ఒక పెద్దాయన మాత్రం నెలకోసారి వచ్చి, "కేక్‌లోకి బ్రదర్" అంటూ రెండు సీసాలు పట్టుకెళ్లేవాడు. ఏడాది పొడుగునా ఆయనింట్లో కేకులే.

నేను తాగను. వైన్ గురించి నాకు తెలిసిందంతా ఒక ముసలాయన చెప్పిందే. దక్షిణంగా రెండు గంటల దూరంలో ఆయనకి ద్రాక్షతోట ఉంది. సొంతంగా వైన్ చేసి, ప్రతి గురువారం తన ట్రక్కులోనే తెచ్చి వేసేవాడు. పెట్టెలు దించాక కిటికీ దగ్గర కూర్చుని, నేను ఫ్లాస్కులో తెచ్చిన టీ తాగుతూ, ఆ ఏడాది వానలు ఎలా పడ్డాయో, ఏ వరస ముందు పండిందో చెప్పేవాడు. శనివారం వచ్చినవాళ్లకు నేను అవే మాటలు అప్పజెప్పేవాణ్ని. "ఈ వైన్ చేసినాయన మొన్న ఈ కుర్చీలోనే కూర్చున్నాడు" అంటే చాలు, కొనేవారు. ఆయన సరుకు అమ్ముడుపోవడానికి వేరే దారి లేదు. ఆయన దగ్గర కొనే నాలాంటి షాపులు ఆరు ఉండేవి.

తరువాత జనం తగ్గారు. హైవే మీద గోడౌనంత స్టోర్ తెరిచారు. నా షాపులోకి వచ్చినవాళ్లు కూడా లేబుల్‌కి ఫోటో తీసుకుని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయేవారు. ఫోన్లో ఆర్డర్ చేస్తే అదే సీసా తక్కువకి ఇంటికొస్తుంది. ముసలాయన వైన్ ఆ పెద్ద స్టోర్ తీసుకోదు. వాళ్లు అడిగినన్ని పెట్టెలు ఆయన తోటలో పదేళ్లు చేసినా రావు.

మధ్యాహ్నాలు తలుపు తీసేవాడు ఉండేవాడు కాదు. ఇంట్లోనూ అంతే. నా భార్య హాస్పిటల్ షిఫ్టుల్లో, పిల్లలు కాలేజీల్లో. వారం మొత్తంలో నా ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి ఆయనొక్కడే.

జూలైలో, లీజు పొడిగించనని బిల్డింగ్ ఓనర్‌కి రాసిచ్చేశాను. జనవరి ఆఖరుకి ఖాళీ చెయ్యాలి. ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టులో ఒక గురువారం ఆయన పెట్టెలు దించకుండానే వచ్చి కూర్చున్నాడు. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. నా చెవికి ఎలా వినబడిందో అలా రాస్తున్నాను.

"ఒక పెద్ద వైనరీ వాళ్లు నా ద్రాక్ష మొత్తం కొంటామంటున్నారు. కోత కూడా వాళ్లే చూసుకుంటారట. రేపటిలోగా చెప్పాలి."

"మీరేమనుకుంటున్నారు?"

"అమ్మేస్తే ఈ ఏడు నా వైన్ ఉండదు. ఆరు షాపుల్లో మూడు పోయాయి. నువ్వు ఉంటానంటే ఇంకో ఏడాది చేస్తాను. సూటిగా చెప్పు."

నేను టీ పోస్తున్నాను. మూసేస్తున్నానని చెప్పడానికి ఎంతసేపు? కానీ చెబితే వచ్చే గురువారం ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది. నా ఆలోచన అక్కడే ఆగిపోయింది.

"చెయ్యండి. ఎప్పటిలాగే నలభై పెట్టెలు నావి," అన్నాను.

ఆయన నా భుజం తట్టి లేచాడు. క్రిస్మస్ దాకా వస్తూనే ఉన్నాడు. ఏ వారమైనా చెప్పొచ్చు. చెప్పలేదు. చలికాలం తీగలు కత్తిరించే పని ఉంటుంది కాబట్టి ఆయన రాడు. ఆ రోజుల్లోనే షాపు మూసేసి, కిటికీకి లోపలి నుంచి పేపర్లు అంటించాను.

తరువాతి ఆదివారం పాస్టర్‌గారు అందరి ముందూ అడిగారు. "స్టోర్ మూసేశారంటగా బ్రదర్. దేవుడు మాట్లాడాడా?"

అమ్మకాలు లేక మూశానని అనొచ్చు. "అవును పాస్టర్‌గారూ," అన్నాను. మైకు చేతికిచ్చారు. దేవుడు హెచ్చరించాడని, ఆ సంపాదన వద్దనుకున్నానని పావుగంట చెప్పాను. కూటం అయ్యాక అందరూ చుట్టూ చేరి నా చేతులు పట్టుకున్నారు. అంతమంది నన్ను పలకరించి ఎన్నేళ్లయిందో.

ఇంటికి వస్తుంటే కార్లో నా భార్య, "బాగా చెప్పారండీ. లీజు కాయితం మీద మీరు సంతకం పెడుతుంటే చూడకపోయుంటే నేనూ నమ్మేదాన్ని," అంది.

ఏప్రిల్‌లో ముసలాయన కాల్ చేశాడు. ఎత్తలేదు. వాయిస్ మెయిల్ పెట్టాడు. "నీ షాపు ముందున్నాను. కొత్త వైన్ తెచ్చాను. కిటికీకి పేపర్లు అంటించి ఉన్నాయి. నీ ఒంట్లో బాగానే ఉందా?"

నేను జబ్బు పడ్డానేమోనని ఆయన కంగారు. తను మోసపోయానన్న ఆలోచనే ఆయనకి రాలేదు. ఆ మెసేజ్ మూడు వారాలు వింటూ గడిపి, మే నెలలో డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను.

తోటలో సగం వరసలు పీకేసి ఉన్నాయి. వేళ్లతో సహా తీగలు ఒక పక్కన కుప్పగా పడున్నాయి. ఆయన ట్రాక్టర్ ఆపి దిగాడు.

"బతికే ఉన్నావన్నమాట."

"ఉన్నాను."

"ఆగస్టులో నీకు తెలుసా?"

"జూలైలోనే తెలుసు."

"మరి చెయ్యమని ఎందుకన్నావు?"

"చెబితే మీరు ఇక రారనుకున్నాను."

ఆయన టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "నిజమే, వచ్చేవాణ్ని కాదు. రెండు గంటల డ్రైవ్. కానీ ద్రాక్ష అమ్ముకునేవాణ్ని."

ఈ ఏటికి ఆ వైనరీ వాళ్లు వేరే తోటలు మాట్లాడుకున్నారట. నలభై పెట్టెలూ నేనే కొంటానన్నాను.

"నువ్వు తాగవుగా. ఊరికే దాచిపెట్టడానికైతే నాకూ షెడ్డు ఉంది," అని మళ్లీ ట్రాక్టర్ ఎక్కాడు. కూర్చోమని అనలేదు.

ఆ ఆదివారం పాస్టర్‌గారిని పక్కకి పిలిచి జరిగింది చెప్పాను. అందరి ముందూ సాక్ష్యం సరిదిద్దుకుంటానని, వీడియో తీసేయమని అడిగాను. ఆయన ఓపిగ్గానే విన్నారు.

"అది చూసి ఇద్దరు తాగుడు మానేశారు బ్రదర్. వాళ్ల భార్యలు నాకు ఫోన్ చేసి ఏడ్చారు. ఇప్పుడు అదంతా అబద్ధమంటే వాళ్లేమైపోతారు?"

వీడియో అలాగే ఉంది.

ఆ ఇద్దరూ ఇది చదువుతుంటే ఒక్క మాట. మీరు మానేసింది మీ సొంత బలంతో. అలాగే ఉండండి. నేను చెప్పిన కథ మీద మాత్రం ఆధారపడకండి. మిగిలిన సగం తోటని ఆ ముసలాయన ఈ ఏడు ఉంచుతాడో, అదీ పీకేస్తాడో నాకు తెలియదు. ఆయన నంబర్ ఉంది. ఫోన్ చేసి అడగలేకపోతున్నాను.