మూడు రోజుల పథ్యం

ఆ ఉదయం మా ఆదోని ల్యాబులో ఉన్నవి ఒక బల్ల, రెండు షుగర్ రిపోర్టులు. ఉన్నవాళ్లు నేను, పత్తి వ్యాపారి, ఆయన భార్య.

మార్కెట్లో ఆయన పత్తి కుప్పను పైపైన చూసి నమ్మేవారు కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి లోపలి పత్తి లాగి చూసేవారు. తన రక్తపరీక్షకు మాత్రం ముందు మూడు రోజులు జొన్నరొట్టెతో పథ్యం చేసి వచ్చేవారు. ఈసారి షుగర్ బాగుంటే బెల్లం పూర్ణం పెట్టి బక్షాలు చేసి పెడతానని భార్య మాటిచ్చింది.

“పరగడుపున నూటపదే. బాగుంది గదప్పా?” అన్నారాయన.

“అది ఈ పొద్దుటిదన్నా. ఈ రెండోది మూడు నెలల సగటు చెబుతుంది.”

ఆమె పకపకా నవ్వింది. “కుప్పలో నువ్వు దూర్చినట్టే ఈయప్ప గూడా సెయ్యి దూర్చినాడు సూడు!”

“ఒగ బక్షమన్నా తినొచ్చునా?” అన్నారాయన మెల్లగా.

రెండో రిపోర్టులో ఏడు లోపు ఉండాల్సిన అంకె ఎనిమిదిన్నర ఉంది.