ఆర్జియా ముక్కు

ఇటలీలోని మోడెనాలో ఆర్జియా ముసలమ్మ టోర్టెల్లినీలో, అంటే చారులో ఉడికించే చిట్టి పిండి కజ్జికాయల్లో, పెట్టే పూర్ణాన్ని ఏనాడూ నోట పెట్టి చూడదు. పచ్చి పంది మాంసం, పాత చీజు, జాజికాయ కలిపిన గిన్నె మీదికి వంగి, కళ్లు మూసుకుని ఒక్కసారి గట్టిగా వాసన పీలుస్తుంది. ఏది తక్కువైందో చెప్పేస్తుంది. ఆవిడ ఊఁ అనేదాకా ఇంట్లో ఆడవాళ్లెవరూ ఆ పూర్ణం తీసి పిండి రేకు మీద పెట్టరు. కోడలు మొరేనానైతే గిన్నె దగ్గరికే రానివ్వదు.

ఈ క్రిస్మస్ ముందురోజూ అలాగే వంగింది. "జాజికాయ ఎవరు మింగేశారే? వాసనే లేదు!" అని అరిచి, తనే తురిమింది. మళ్లీ వంగింది, మళ్లీ తురిమింది.

"అత్తయ్యా, ఇక ఆపండి! ఘాటు వీధి చివరిదాకా కొడుతోంది," అంది మొరేనా.

"నీ మొహం, నీకేం తెలుసు?" అంటూనే ఆర్జియా జాజికాయని ముక్కుకి ఆనించుకుంది. ఏమీ లేదు. పొయ్యి మీద మరుగుతున్న కోడి చారు మీదికి వంగింది. ఆవిరి మొహానికి తగిలింది గానీ, అక్కడా ఏమీ లేదు. పిండి అంటిన వేళ్లతో ముక్కు తడుముకుంటూ, నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది. వంటింట్లో అందరి చేతులూ ఆగిపోయాయి.

ఆఖరికి గిన్నెని కోడలి వైపు తోసింది.

"నువ్వే చూసి చెప్పవే. త్వరగా చూడు, పిండి ఎండిపోతోంది."