తలుపు తెరిపించే మాట

మా ఊరి ఆటలో కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. మగడు సంత నుంచి ఆలస్యంగా వస్తాడు, పెండ్లాం అలిగి తలుపు వేసుకుంటుంది. ఎన్ని పాటలు పాడినా తీయదు. చివరికి వాడు "బాంచెన్, నీ కాల్మొక్త" అంటాడు. తలుపు తెరుచుకుంటుంది. ఇంత చిన్న కథను జనం ఇన్నేళ్లుగా ఎందుకు చూస్తున్నారని కల్వకుర్తి నుంచి వచ్చిన ఒక పంతులు నన్ను అడిగాడు. మగడి వేషం నాదే కాబట్టి నాకు తెలుసనుకున్నాడు. నా గొంతు కోసమైతే కాదు, అంతవరకు తెలుసు.

పెండ్లాం వేషం మా మేనమామది. మీసం గీయించుకుని చీర కడితే ఆడవాళ్లే కుళ్లుకునేవారు. ఆయనకు ఒకటే పట్టుదల. ఆ మాట చెవిన పడందే తలుపు తీయడు.

చిక్కేమిటంటే, దొరకు మేమంతా రోజూ అనే మాట కూడా అదే. రుమాలు విప్పి, చెప్పులు చేతబట్టుకుని ఆ మాట అనకుండా మా బాపు దొర గడీ ముందు నుంచి నడిచిన రోజు లేదు. అదే మాట ఒక మగాడు పెండ్లానికి అంటుంటే జనం పడిపడి నవ్వేవారు. దొరకు ఆ నవ్వు నచ్చలేదు.

"గా మాట నాకు అనేది. ఆడిదానికి అంటే పలచనైతది" అని ఆటలోంచి తీయించేశాడు. "క్షమింపుము దేవీ" అని పెట్టాం. జనం ఆవులించారు. మామ గొణుక్కుంటూ తలుపు తీశాడు.

తర్వాత దొరల మీద తిరగబడ్డ సంగం మా ఊరికీ వచ్చింది, దొర పట్నం పారిపోయాడు. మా మాట మాకొచ్చిందని సంబరపడ్డాం. సంగం నాయకుడు "ఇగ ఎవ్వడు ఎవ్వనికి బాంచ గాదు. ఆటల గూడ ఆ మాట బంద్" అన్నాడు. మొదటిది విని మా బాపు ఏడ్చాడు, రెండోది విని మా మామ ఏడ్చాడు. ఇద్దరి ఏడుపూ నాకు న్యాయంగానే తోచింది. "తలుపు తెరువు కామ్రేడ్" అని పాడాను. మామ తెరిచాడు కానీ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆపైన మిలిట్రీ వచ్చింది. దాని వెనకే దొర, నెత్తిన తెల్లటోపీతో. ఊరు సల్లగా ఉందని చూపడానికి పొద్దు గూకకముందే ఆట వేయమని హుకుం. అంతకు వారం ముందే సంగపోళ్లన్న అనుమానం మీద ఊరి మనుషులను తుపాకీ మడమలతో కొట్టారు. పాత మాటంటే దొర ఊరుకోడు, కామ్రేడ్ అంటే మిలిట్రీ ఊరుకోదు.

"మామా, ఇయ్యాల జర ఉత్తగనే తియ్యరాదు" అని తలుపు సందులోంచి బతిమాలాను.

"మాట అంటెనే తీస్త. తుపాకి వెట్టినా గంతే."

పెదవి కదిలీ కదలనట్టు పాత మాటే అన్నాను. ముందు వరుస మాత్రం విని నవ్వింది. తలుపు కదల్లేదు. కుర్చీలో ఉన్న ఆఫీసరుకు తెలుగు రాదు. నవ్వు తన మీదేనేమోనని "క్యా బోలా?" అని గద్దించాడు. పక్కనున్న దొర వంగి చెవిలో చెప్పాడు. ఆఫీసరుకు వినబడక ఇంకా గట్టిగా అరిచాడు. దొర కంగారుగా లేచి, టోపీ తీసి, చేతులు జోడించి, ఊరంతా వినేలా అన్నాడు.

"బాంచెన్, నీ కాల్మొక్త... సాబ్!"

మామ టక్కున తలుపు తీశాడు.

జనం నవ్వుకు మద్దెల వినబడలేదు. మా బాపు మాత్రం నవ్వలేదు. నేల మీద నుంచి లేచి, రుమాలు నెత్తికి చుట్టుకుని, దొర దిక్కు చూస్తూ "ఇంకోపారి!" అని కేకేశాడు.