కార్డు లేని మనిషి తరఫున

మా హెడ్ నర్సు గారు పోయారని గురువారం పొద్దున డ్యూటీలో ఉండగా తెలిసింది. భవానీపురంలో కూతురింట్లో, నిద్రలోనే గుండె ఆగిందట. ఫోను పక్కన పెట్టి, ముందు పేషెంటుకి ఇంజెక్షన్ చేశాను. అలా చెయ్యమని నేర్పింది ఆవిడే.

ఉయ్యూరు దగ్గర చెరకు కోతకి వెళ్ళే కుటుంబంలో పుట్టి, మా ఊరి ప్రభుత్వాసుపత్రి లేబర్ రూములో జీవితమంతా పనిచేశారు. పేషెంటుని బెడ్ నంబరుతో పిలిస్తే ఒప్పుకునేవారు కాదు. "పేరు అడుగమ్మాయ్, నోరు అరిగిపోదు" అనేవారు.

ఆవిడ రిటైరయ్యే ఏడాది, దేశమంతటికీ కొత్త ఆరోగ్య విధానం అన్నారు. ఇంటింటికీ బీమా కార్డు ఇస్తారు, మాలాంటి ఆసుపత్రులు ప్రైవేటు యాజమాన్యం కిందికి వెళ్తాయి. గేటుకి ఒక వైపు అది కావాలనే పార్టీ జెండాలు, రెండో వైపు వద్దనే పార్టీ టెంటు. రోగులు ఆ కేకల మధ్యలోంచి లోపలికి వచ్చేవారు. ఈ మార్పు మాకు సమ్మతమేనని స్టాఫ్ అందరి చేతా కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. నేనూ పెట్టాను. ఆవిడ పెట్టలేదు.

ప్రజాభిప్రాయం వింటామని ఊళ్ళో కల్యాణమండపంలో సభ పెట్టారు. బయట పోలీసులు, లోపల రెండు వర్గాల తోపులాట. ఎవరో కుర్చీ విసిరారు. ఆ గోలలో ఆవిడ యూనిఫాంతోనే మైకు దగ్గరికి నడిచారు.

"అయ్యా, మొన్న వరదకి ఏటి మధ్య లంకలోంచి ఒక తల్లిని మంచం మీద మోసుకొచ్చారు. ఇల్లే కొట్టుకుపోయింది, ఇక కార్డెక్కడిది? రేపు అలాంటి మనిషొస్తే తలుపు తీసేదెవరండీ? రాసివ్వండి, ఇప్పుడే సంతకం పెడతాను."

"నువ్వు గవర్నమెంటు ఉద్యోగివి, కూర్చోవమ్మా!" అని ముందు వరసలోంచి అరిచారు. వెనక నుంచి రెండో పార్టీవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆవిడ వాళ్ళ వైపు తిరిగారు. "మీరు కొట్టకండి బాబూ. మీ ప్రభుత్వం ఉన్నప్పుడు మత్తు డాక్టర్ని వెయ్యమని ఎన్ని అర్జీలు పెట్టానో మీకు తెలుసు."

సభ నడిపిస్తున్న అధికారి తలవంచి ఏదో రాసుకుని, తర్వాతి పేరు పిలిచారు.

వారం తిరక్కుండా ఆవిడకి మెమో వచ్చింది, తర్వాత బదిలీ. వెళ్ళే రోజు నేను తలెత్తలేకపోయాను. "నీకు చిన్నపిల్లలున్నారు, సంతకం పెట్టావు. దానికి నాకేం కోపం లేదే. తలుపు దగ్గర మాత్రం నువ్వుండు" అన్నారు.

మా ఆసుపత్రి సంగతి వాయిదా పడింది. రద్దు కాలేదు, వాయిదానే. పక్క జిల్లాలో ఒక ఆసుపత్రి చేతులు మారింది. కార్డు అడగడం మాత్రం మా దగ్గరా మొదలైంది. ఆ తర్వాత కార్డు లేదని మా రిజిస్ట్రేషన్ దగ్గర ఆపేసిన ఒక గర్భిణిని, పై ఆఫీసరు ఫోన్లో కేకలేస్తున్నా, నా పూచీ మీద అడ్మిట్ చేశాను. ఆ సాయంత్రం హెడ్ నర్సు గారికి ఫోన్ చేస్తే, "బిడ్డ ఏడ్చిందా?" అన్నది ఒక్కటే అడిగారు.

మర్నాడు పొద్దున ఆవిడని ఉయ్యూరు సమాధుల తోటలో వానలోనే మట్టి చేశాం. మధ్యాహ్నం డ్యూటీ ఉన్న నర్సులం ఏడుగురం ఒకే బస్సెక్కాం. తెల్లబూట్ల నిండా నల్లమట్టి. ఊరొచ్చేదాకా ఒక్కరమూ దులుపుకోలేదు.