లైను పోతే పాట వేశాను

శ్రీకాకుళంలో ఒక ఎఫ్.ఎం. స్టేషన్లో యాంకర్‌గా ఉన్న రోజుల్లో, ఊరి చప్పుళ్లు ఫోన్లో వినిపించే పోటీ పెట్టాం. భావనపాడు నుంచి చేపల వేటకెళ్లే ఒకాయన సముద్రాన్ని వినిపించాడు.

"అలలు సరిగ్గా వినపడట్లేదు బాబాయ్, ఇంకాస్త ముందుకెళ్లండి" అన్నాను నవ్వుతూ.

"రాళ్ల మీదికెల్తన్నానమ్మా, ఇను."

పెద్ద చప్పుడొచ్చి లైను పోయింది. లైను పోతే పాట వెయ్యడం మాకు అలవాటు. వేసేశాను.

మర్నాడు ఆయన శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

తప్పు మనది కాదన్నారు ఆఫీసులో. పరామర్శకు నేనొక్కదాన్నే వెళ్లాను. ఆయన భార్య తిట్టలేదు.

"ఇంట్లో రేడియో ఇంటన్నానమ్మా. ఆయనేటయినాడో అడక్కుండా పాటేసేసినావేటి?" అంది.

ఉద్యోగం మానేశాను. ఏళ్లు గడిచినా ఆ బరువు దిగలేదు. ముందుకెళ్లమన్నది నేనే.