అమ్మ చూడని మొదటి అరగంట

మా అమ్మ మాచర్లలో ఒక సినిమా హాల్లో పద్దెనిమిదేళ్లు ఆడవాళ్ల కౌంటర్‌లో టికెట్లు ఇచ్చింది. ఆట మొదలైన అరగంట దాకా కిటికీ మూయకూడదు కాబట్టి అక్కడ ఏ సినిమానూ ఆమె మొదటినుంచి చూడలేదు. ఇప్పుడు నా దగ్గరే నరసరావుపేటలో ఉంటోంది. వచ్చే వారం ఆ హాలు మూసేసి కల్యాణ మండపం చేస్తారని తెలిసిన రోజే గట్టిగా అనుకున్నాను, ఒక్కసారైనా పేర్లు పడేటప్పటికి అమ్మ కుర్చీలో ఉండాలని.

శనివారం ఉదయం ఏడున్నరకు బస్సెక్కాం. పిడుగురాళ్ల, గురజాల మీదుగా రెండున్నర గంటలు పట్టింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు ఛార్జీ లేదు. కండక్టర్ ఇచ్చిన సున్నా టికెట్‌ను అమ్మ మడిచి పర్సులో దాచుకుంది. టికెట్టు పారేయడం ఆమెకు చేతకాదు. మాచర్ల బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, మనిషికి ఇరవై చొప్పున ఆటోలో హాలుకు చేరేసరికి పదిన్నర. ఆట పదకొండుకు.

"మీతో కలిపి ఏడుగురే అక్కా. పదిమంది లేకపోతే ఆట ఎయ్యం," అన్నాడు మేనేజర్, అమ్మను చూసి నొచ్చుకుంటూ.

బాల్కనీ వంద రూపాయలే. మిగతా మూడు టికెట్లూ నేనే కొంటానన్నాను.

"ఖాళీ కుర్చీకి నేనెప్పుడూ టికెట్టు చించలేదే. నువ్వుండు," అని అమ్మ చెంగు దోపుకుని ఎదురుగా ఉన్న టీకొట్టుకు నడిచింది. అక్కడ బట్టల సంచులతో ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు.

"ఏమ్మా, మీ బస్సు ఎప్పుడు?"

"మూడింటికంట పెద్దమ్మా."

"అందాకా ఈ ఎండలో ఏం జేస్తారు? రాండి, లోపల ఫ్యాన్లు చానా ఉన్నాయి."

ముగ్గురూ నవ్వుకుంటూ లేచారు. నన్ను పోయి కూర్చోమంది అమ్మ, వెనకాలే వస్తానని. లైట్లు ఆరిపోయాయి. పొగాకు ప్రకటన అయిపోయి సినిమా మొదలైంది. పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. గబగబా కిందికి దిగాను. అమ్మ పాత కౌంటర్ దగ్గర నిలబడి రోడ్డువైపు చూస్తోంది.

"ఏంది అమ్మా, ఇక్కడున్నావు?"

"ఎవరన్నా ఆలిస్యంగా వస్తారేమోనే. అరగంటన్నా చూడాల గదా."

నాకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. చెయ్యి పట్టుకుని పైకి లాక్కొచ్చాను. మేనేజర్ మా వెనకాలే మెట్లెక్కి, "ఆపరా. అక్క కూర్చున్నాక మళ్లీ మొదట్నుంచి ఎయ్యి," అని ఆపరేటర్‌కు కేకేశాడు.

మళ్లీ పేర్లు పడ్డాయి. బట్టలు కుట్టినవాళ్లతో సహా ఒక్కో పేరూ అమ్మ పైకి చదివింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "ఇంతమంది కోసమా నేను టికెట్లమ్మింది," అంది.

సినిమా గొప్పదేమీ కాదు. ఇంటర్వెల్ తర్వాత అమ్మ నిద్రపోయింది. నేను లేపలేదు, సినిమాల్లో ఆ సగం ఆమెకు కొత్త కాదు. ఆ పద్దెనిమిదేళ్లూ ఆమె ఇచ్చిన టికెట్టుతోనే లోపలికి వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను, బయట ఆమె ఏం చూస్తోందని ఒక్కసారీ అడగలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మీ ఊళ్లో ఇలాంటి హాలు ఇంకా ఉంటే, పగటి ఆట పడుతుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, ఇంకో నలుగురిని వెంటబెట్టుకు వెళ్లండి. అక్కడ పనిచేసినవాళ్లెవరైనా మీ ఇంట్లో ఉంటే, ముందు వాళ్లను కూర్చోబెట్టి ఆ తర్వాతే మీరు కూర్చోండి.